ఇంటి లోపలి ఫొటోల్లో రంగు తేడాలు: విశాఖ ఇళ్లవాళ్లు, ఫొటోగ్రాఫర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇంటి ఫొటోల్లో గోడలు పసుపు కొడుతున్నాయనీ, కిటికీ పక్కన నీలం తేలిందనీ, సీలింగు ఆకుపచ్చగా కనిపిస్తోందనీ ఇళ్లవాళ్లు, బ్రోకర్లు, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు అడిగే ప్రశ్నలివి. వెలుతురు పూసిన రంగును తీసెయ్యాలి, గోడకు వేయించిన రంగును ముట్టుకోకూడదు. కింది జవాబులన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

మా హాలు గోడలు తెల్లగానే ఉంటాయి. ఫొటోలో పసుపుగా ఎందుకొచ్చాయి?

గదిలోకి అడుగుపెట్టిన కాసేపటికే మన కన్ను ఆ వెలుతురుకు అలవాటు పడిపోతుంది. పసుపు బల్బు కింద ఉన్న తెల్ల చొక్కా కూడా మనకు తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకు ఆ సర్దుబాటు లేదు. పడిన వెలుతురు ఏ రంగులో ఉంటే ఆ రంగునే రాసుకుంటుంది. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. దీపం వెలుగు సుమారు 1900 కెల్విన్లు, పాత ఫిలమెంటు బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ 5500 దాకా, నీడ పట్టున ఆకాశం నుంచి వచ్చే వెలుతురు 7000 పైన. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద వార్మ్ వైట్ అంటే 2700 నుంచి 3000, నేచురల్ వైట్ అంటే 4000, కూల్ డే లైట్ అంటే 6500 అని రాసి ఉంటుంది. మీ హాల్లో ఈ మూడూ కలిసి ఉండొచ్చు, వాటికి తోడు కిటికీ వెలుతురు కూడా. గోడ మీద ఏది ఎక్కువ పడితే ఆ గోడ ఆ రంగులోకి తిరుగుతుంది.

కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంది కదా, అదే సరిచెయ్యదా?

వైట్ బ్యాలెన్స్ అంటే తెలుపు తెల్లగానే వచ్చేలా వెలుతురు రంగును సరిచేసే సెట్టింగు. ఆటోలో పెడితే ఫొటో మొత్తానికి అది ఒకే అంకె ఎంచుకుంటుంది. గదిలో రెండు రకాల వెలుతురు ఉన్నప్పుడు ఆ ఒక్క అంకె రెండింటికీ సరిపోదు. పైగా ఒకే గదిని నాలుగు మూలల నుంచి తీస్తే నాలుగుసార్లు నాలుగు రకాలుగా ఎంచుతుంది. కొనేవాళ్లు ఫొటోలు వరసగా తిప్పి చూస్తే అదే గోడ ఒకదాంట్లో క్రీము, ఇంకోదాంట్లో బూడిద. గదికి ఒక అంకె పెట్టి లాక్ చెయ్యండి, రా ఫైలులో (కెమెరా పట్టిన సమాచారమంతా మార్చకుండా దాచే ఫైలు) తియ్యండి. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్‌ను తర్వాత ఎంత మార్చినా నష్టం లేదు. జేపెగ్‌లో కాస్త గట్టిగా జరిపితే గోడల మీద మరకలు, పట్టీలు తేలతాయి.

లైట్లన్నీ వేసి తియ్యాలా, ఆర్పేసి తియ్యాలా?

పగటిపూట అయితే ఆర్పేసి తియ్యండి. నన్నడిగితే రంగు తేడాల్లో సగానికి సగం స్విచ్‌బోర్డు దగ్గరే పోతాయి. కిటికీ వెలుతురు ఒక్కటే ఉన్న గదిలో వైట్ బ్యాలెన్స్ ఒకే అంకెతో తేలిపోతుంది. షట్టర్ స్పీడు తగ్గుతుంది కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి, అంతే.

దీనికి ఇంటివాళ్లు, ముఖ్యంగా ఇంటీరియర్ చేయించుకున్నవాళ్లు ఒప్పుకోరు. లక్షలు పోసి పీఓపీ సీలింగు, దాని అంచులో కనపడకుండా దాచిన కోవ్ లైట్లు పెట్టించుకున్నాం, అవి వెలగకపోతే ఎలా అంటారు. వాళ్ల మాటా నిజమే. అలాంటప్పుడు ట్రైపాడ్ కదపకుండా రెండు ఫ్రేములు తియ్యండి. లైట్లు ఆర్పి ఒకటి, వేసి ఇంకొకటి. గది మొత్తం మొదటి దాన్నుంచి తీసుకుని, కోవ్ లైటు వెలిగే సీలింగు అంచు మాత్రం రెండో దాన్నుంచి మాస్కు చేసి, అంటే ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, కలపండి. వెలుగు కనిపిస్తుంది, గోడలు మాత్రం పసుపెక్కవు.

త్రీ ఇన్ వన్ ప్యానెల్ లైట్లు ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. స్విచ్ ఆర్పి వేసిన ప్రతిసారీ అవి తెలుపు, పసుపు, మధ్యస్థం అని రంగు మారుస్తాయి. ఆరు ప్యానెళ్లలో ఒకటి వరస తప్పి ఉంటుంది, కంటికి అంతగా తెలియదు. ఫొటోలో మాత్రం సీలింగు మీద ఐదు తెల్ల వలయాలు, ఒక పసుపు వలయం. షూట్‌కు ముందు అన్నీ ఒకే రంగుకు వచ్చేదాకా స్విచ్ వేసి ఆర్పి చూడండి. కొన్ని ప్యానెళ్లయితే స్విచ్ ఆర్పి కాసేపు ఆగి వేస్తే మళ్లీ మొదటి రంగుకు వచ్చేస్తాయి.

సముద్రం కనిపించే ఫ్లాట్లలో గది నీలం కొడుతోంది. ఏ వేళ తీస్తే మంచిది?

మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. అందుకే బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న బాల్కనీలు చాలావరకు ఆగ్నేయం చూస్తాయి. ఉదయం ఎండ సూటిగా హాల్లోకి వచ్చి పడుతుంది. మెరిసే విట్రిఫైడ్ టైల్స్ మీద పడ్డ ఆ ఎండ సీలింగు దాకా పసుపు ఎగజిమ్ముతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు భవనం వెనక్కు వెళ్లిపోతాడు. అప్పుడు ఆ కిటికీల్లోంచి వచ్చేది ఎండ కాదు, ఆకాశపు వెలుతురు, నీళ్ల మీది వెలుతురు. రెండూ నీలమే. మధ్యాహ్నం మూడింటికి తీసిన ఫొటోలో కిటికీ దగ్గర తెల్ల కర్టెన్లు లేత నీలంగా ఉండేది అందుకే.

ఎండ పట్టీ నేల మీంచి తప్పుకున్నాక, ఆకాశం ఇంకా కాంతిగా ఉన్నప్పుడు, అంటే పదిన్నర నుంచి పన్నెండు లోపు తియ్యడం నాకిష్టం. మే నెల మధ్యలో విశాఖలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. డిసెంబరులో వంగి వస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీల్లోంచి ఎండ గది మధ్యదాకా పాకుతుంది. వానాకాలం మబ్బు పట్టిన రోజును వదులుకోవద్దు. సముద్రం వ్యూ బూడిదగా వస్తుంది కానీ గదుల్లో వెలుతురు ఒకే తీరుగా పరుచుకుంటుంది. వ్యూ ఫొటో ఎండ రోజున వేరే తీసుకోవచ్చు.

మా బెడ్రూం గోడ లేత బూడిద. ఫొటోలో ఒకవైపు నారింజ రంగు వస్తోంది. లైట్లు కూడా వెయ్యలేదు.

కిటికీ తెరిచి బయటకు చూడండి. ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం, సీతమ్మధార లాంటి చోట్ల అపార్ట్‌మెంటుకూ అపార్ట్‌మెంటుకూ మధ్య సందు కొద్దిపాటిదే. పక్క బిల్డింగు గోడకు నారింజో గులాబీయో వేసి ఉంటే, దాని మీద ఎండ పడ్డప్పుడు మీ గదిలోకి వచ్చే వెలుతురంతా ఆ గోడను తాకి వచ్చిందే. మీ ఇంట్లో నారింజ వస్తువు ఒక్కటీ లేకపోయినా గదికి ఆ రంగు పడుతుంది. ఆ పక్క గోడ మీద ఎండ లేని పూటకు ఈ గదిని వాయిదా వెయ్యండి. తూర్పు సందులో గది అయితే, పక్క గోడ మీ వైపు ముఖం పడమటికే ఉంటుంది కాబట్టి ఉదయమే తియ్యండి. పడమటి సందు అయితే సాయంత్రం.

గది లోపలి వస్తువులూ ఇదే పని చేస్తాయి. ఎర్ర సోఫా పక్క గోడను ఎరుపు చేస్తుంది. టేకు తలుపులు, వార్డ్‌రోబ్ లామినేట్ చుట్టుపక్కల గోధుమ రంగు చల్లుతాయి. ఉక్కునగరంలోలా ఇంటి చుట్టూ చెట్లు దట్టంగా ఉంటే ఆకుల్లోంచి వచ్చిన వెలుతురు గదంతా ఆకుపచ్చ పరుస్తుంది. ఇలాంటి ప్రతిఫలనాలు మొత్తం ఫొటోకు వైట్ బ్యాలెన్స్ మారిస్తే పోవు. మచ్చ ఎక్కడుందో అక్కడ మాత్రమే మాస్కుతో తియ్యాలి. సోఫా కాళ్ల దగ్గర కొంచెం ఎరుపు ఉంచేయండి. పూర్తిగా తుడిచేస్తే సోఫా నేలమీద ఆనినట్టుండదు, అతికించినట్టుంటుంది.

గ్రే కార్డు తప్పనిసరా? ఏ4 కాగితం పెడితే సరిపోదా?

గ్రే కార్డు అంటే వేరే ఏ రంగూ కలవని బూడిద అట్ట. దాన్ని గదిలో పెట్టి తీసి, ఎడిటింగులో దాని మీద క్లిక్ చేస్తే వెలుతురు రంగు సరి అవుతుంది. అదే కొనండి, ఖరీదైనదేమీ కాదు. ప్రింటింగు కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు కిటికీ వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు తగిలి నీలంగా మెరుస్తాయి. ఆ కాగితాన్ని తెలుపు అనుకుని క్లిక్ చేస్తే గది మొత్తం పసుపు వైపు జరుగుతుంది. గోడ మీద క్లిక్ చేసినా అదే గొడవ. మన గోడల్లో నిజమైన తెలుపు చాలా అరుదు. ఐవరీయో, క్రీమో, ఆఫ్ వైటో అయి ఉంటుంది. దాన్ని తటస్థం చేస్తే గోడ రంగే మార్చినట్టు.

కార్డును కిటికీ గట్టు మీద కాకుండా గది మధ్యలో, కెమెరా వైపు తిప్పి పెట్టి ఒక ఫ్రేము తియ్యండి. కార్డు మరచిపోయి వెళితే కొత్త స్విచ్‌బోర్డు ప్లేటు, వాష్ బేసిన్, పీఓపీ సీలింగు చూడండి. మూడింటి మీదా విడివిడిగా క్లిక్ చేసి, దగ్గర దగ్గరగా వచ్చిన రెండు అంకెల్ని నమ్మండి. పాత స్విచ్ ప్లేట్లు పసుపెక్కి ఉంటాయి, వాటిని నమ్మొద్దు.

లైట్‌రూమ్‌లో ఏ వరసలో చెయ్యాలి?

లైట్‌రూమ్ అంటే ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేరు. ఒక ఫొటోను పట్టుకుని చెబుతాను. మధురవాడలో త్రీ బెడ్రూం ఫ్లాటు, హాలు. గోడలు ఐవరీ, ఎడమ పక్క బాల్కనీ స్లైడింగ్ తలుపు, కుడి పక్క డైనింగు టేబులు పైన వార్మ్ వైట్ హ్యాంగింగ్ లైటు. ఆ లైటు ఆర్పే వీలు లేదు, ఇంటివాళ్లకు అది కావాలి.

మొదట గది మధ్యలో పెట్టిన గ్రే కార్డు మీద డ్రాపర్‌తో క్లిక్. టెంప్ (నీలం, పసుపుల మధ్య జరిపే స్లైడరు) 4700 దగ్గర ఆగింది, టింట్ (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య జరిపేది) కొద్దిగా మెజెంటా వైపు. ఇప్పుడు మధ్య గోడ సరిగ్గా ఉంది. బాల్కనీ దగ్గర గోడ నీలం, డైనింగు పైన సీలింగు నారింజ. ఇక్కడే చాలామంది టెంప్ స్లైడరును అటూ ఇటూ లాగుతూ పొద్దు పుచ్చుతారు. ఒకటి బాగుపడితే రెండోది పాడవుతుంది. ఆ స్లైడరును ఇక ముట్టుకోకండి.

బాల్కనీ వైపు నుంచి లీనియర్ గ్రేడియంట్ (అంచు నుంచి క్రమంగా పలచబడే మాస్కు) ఒకటి లాగి, ఆ మాస్కులో టెంప్‌ను పసుపు వైపు కొంచెం జరపండి. తలుపు అవతల కనిపించే ఆకాశాన్ని, కొండను మాస్కులోంచి తీసెయ్యండి, లేకపోతే ఆకాశం మట్టిరంగుకు తిరుగుతుంది. డైనింగు సీలింగుకు బ్రష్ మాస్కు, దాన్ని కలర్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి నారింజ మాత్రమే పట్టుకునేలా చూసి, టెంప్ నీలం వైపు, శాచురేషన్ (రంగు గాఢత) కాస్త తగ్గింపు. లైటు చుట్టూ రెండడుగుల మేర వెచ్చదనం వదిలేయండి. బల్బు వెలుగుతుంటే దాని పక్కన తెల్లటి సీలింగు చూసేవాళ్లకు అబద్ధంలా అనిపిస్తుంది.

మొత్తం ఫొటోకు హెచ్‌ఎస్‌ఎల్‌లో (ఒక్కో రంగును విడిగా మార్చే స్లైడర్లు) నారింజ, పసుపు శాచురేషన్ తగ్గించేసే అలవాటు చాలామందికి ఉంది. పని త్వరగా అవుతుంది. దాంతోపాటు టేకు తలుపులు, ఇత్తడి దీపాలు, అరటిపండ్ల గెల, నేల మీది చెక్క టైల్సు అన్నీ చచ్చిపోతాయి. ఇల్లు ఆసుపత్రి వార్డులా తయారవుతుంది. ఆ దారి పట్టకండి.

ఫొటోషాప్‌లో ఇంతకంటే తేలిక మార్గం ఉందా?

ఉంది. కొత్త ఖాళీ లేయరు తీసుకుని బ్లెండ్ మోడ్ ‘కలర్’ పెట్టండి. గోడలో రంగు సరిగ్గా ఉన్న చోట ఐడ్రాపర్‌తో ఆ రంగు పట్టుకుని, మెత్తటి బ్రష్, ఫ్లో 20 శాతం లోపు ఉంచి మచ్చ మీద పూయండి. ఈ మోడ్ వెలుగునీడల్ని ముట్టుకోదు, రంగును మాత్రమే మారుస్తుంది. గోడకూ సీలింగుకూ విడివిడిగా రంగు పట్టుకోండి. కర్టెను అంచు, తలుపు చట్రం దాటి బ్రష్ పోకుండా ముందు సెలెక్షన్ గీసుకోండి. లేకపోతే టేకు చట్రానికి ఐవరీ రంగు అంటుకుంటుంది.

ఫ్లాష్ వాడితే ఈ బాధలు తప్పుతాయా?

చాలావరకు తప్పుతాయి. ఫ్లాష్ వెలుతురు 5500 దగ్గర, పగటి వెలుతురుకు దగ్గరగా ఉంటుంది. సీలింగు మీద కొట్టి తీసిన ఫ్రేములో గోడలు, చెక్క, బట్టలు తమ రంగులో వస్తాయి. కానీ ఆ ఒక్క ఫ్రేము చదునుగా, ప్రాణం లేకుండా ఉంటుంది. అందుకే ఫ్లాష్ లేకుండా ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీసి ఫొటోషాప్‌లో ఫ్లాష్ ఫ్రేము కింద, మామూలు ఫ్రేము పైన పెట్టి, పై దానికి ‘లూమినాసిటీ’ మోడ్ ఇస్తారు. రంగు ఫ్లాష్‌ది, వెలుగునీడలు కిటికీవి. మిశ్రమ వెలుతురు ఉన్న ఇళ్లకు నాకు తెలిసి ఇంతకు మించిన పద్ధతి లేదు.

సీలింగు తెల్లగా ఉంటేనే ఇది. చెక్క ప్యానెలింగు చేసిన సీలింగు మీద కొడితే ఫ్లాషే గోధుమ రంగుకు తిరిగి వస్తుంది. అప్పుడు గొడుగుకో, వెనక తెల్ల గోడకో కొట్టండి. పసుపు లైట్లు ఆర్పడం కుదరని హోటల్ గదులు, హోమ్‌స్టేల్లో ఫ్లాష్‌కు నారింజ సీటీఓ జెల్ (పారదర్శకమైన రంగు పొర) తగిలించి, వైట్ బ్యాలెన్స్‌ను బల్బులకు సరిపోయేలా తగ్గించుకుంటే రెండు వెలుతుర్లూ ఒక రంగుకు వస్తాయి. కిటికీ నీలం పడుతుంది. పర్దాలు వేసెయ్యండి, లేదా సాయంత్రం దాటాక తియ్యండి.

హెచ్‌డీఆర్ తీస్తే రంగు తేడా పోతుందా?

పోదు, పెరుగుతుంది. హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో (వెలుతురు మోతాదులతో) తీసి కలపడం. అలా కలిపితే నీడల్లో దాక్కున్న రంగులు కూడా పైకి తేలతాయి.

టెంప్ ఎంత జరిపినా ఆకుపచ్చ పోవడం లేదు.

నీలం, పసుపుల మధ్య తేడాకు టెంప్. ఆకుపచ్చ, మెజెంటాల మధ్య తేడాకు టింట్. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు ఆకుపచ్చ వైపు వాలతాయి, కాబట్టి టింట్‌ను మెజెంటా వైపు జరపాలి. ఒకే 6500 అని రాసి ఉన్న రెండు కంపెనీల బల్బుల్లో ఒకటి ఆకుపచ్చగా, ఒకటి గులాబీగా ఉండడం మామూలే. నాసిరకం ఎల్‌ఈడీ వెలుతురులో ఎరుపు భాగం చాలా తక్కువ. ఆ వెలుతురులో తీసిన టేకు తలుపు, ఎర్ర గ్రానైటు మట్టికొట్టుకున్నట్టుంటాయి. లేని ఎరుపును ఏ స్లైడరూ తెచ్చిపెట్టదు. అలాంటి వంటగదిలో లైటు ఆర్పి కిటికీ వెలుతురుతోనో ఫ్లాష్‌తోనో తియ్యాలి.

కూలింగ్ గ్లాసు (రంగు అద్దం) వేసిన కిటికీలు ఉన్న ఇళ్లలోనూ ఇదే ఆకుపచ్చ, ఒక్కోసారి గోధుమ. స్లైడింగు పలకల్ని ఒకవైపుకు నెట్టి, వీలైతే దోమల జాలీ కూడా జరిపి, వెలుతురును నేరుగా రానివ్వండి.

లైట్లు వేసి తీస్తే అడ్డంగా పట్టీలు వస్తున్నాయి. ఇదీ రంగు తేడాయేనా?

కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టరు 1/50 సెకను, అంతకన్నా నిదానంగా పెట్టండి, పోతాయి.

పూజ గదిని కూడా తెల్లగా చెయ్యాలా?

వద్దు. దీపం వెలుగు వెచ్చగానే ఉండాలి. పాలరాతి మందిరం మీద ఎర్రటి జీరో వాట్ బల్బు మాత్రం ఆర్పించండి, అది రాతి రంగును మింగేస్తుంది.

కెమెరా లేదు, ఫోనుతోనే తీస్తాం.

ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌కు కెల్విన్ అంకె పెట్టుకోండి, గదికొకసారి. లైట్లు ఆర్పండి. స్నాప్‌సీడ్ అనే ఫోను ఆప్‌లో వైట్ బ్యాలెన్స్ టూల్‌లో ఐడ్రాపర్ ఉంది, దాన్ని స్విచ్ ప్లేటు మీద పెట్టి చూడండి. మిగిలిన మచ్చ మీద సెలెక్టివ్ పాయింటు పెట్టి శాచురేషన్ తగ్గించండి. ఒక్క నొక్కుతో బాగుచేస్తామనే ఆప్‌లు క్రీము గోడను తెల్లగా, బూడిద గోడను నీలంగా మార్చేస్తున్నాయి. అసలు గదితో పోల్చి చూసుకోకుండా ఆ ఫొటోలను బయటికి వదలొద్దు.

కొనేవాళ్లకు నచ్చేలా గోడ రంగు కాస్త మార్చమని బ్రోకరు అడుగుతున్నారు.

మార్చకండి. పక్క గోడ నుంచి వచ్చిన నారింజను తీసెయ్యడం న్యాయం, ఎందుకంటే ఆ రంగు మీ గోడది కాదు. తేమ పట్టి పసుపెక్కిన గోడను తెల్లగా చెయ్యడం మోసం. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి పెచ్చులూడిన, చెమ్మ మరకలు పట్టిన గోడలు విశాఖలో కొత్తేమీ కాదు. కొనేవాళ్లు వాటిని చూసి తెలుసుకునే హక్కు ఉన్నవాళ్లు. కొత్త ప్రాజెక్టులైతే చట్టం కూడా ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు ప్రమోటరు (ప్రాజెక్టు కట్టి అమ్మేవాళ్లు) పరిహారం ఇవ్వాలి.

నా కంప్యూటర్లో బాగుంది, వాళ్ల ఫోనులో పసుపుగా కనిపిస్తోందట.

ముందు ఇద్దరూ నైట్ లైట్, ట్రూ టోన్ లాంటివి ఆపి చూడండి. సాయంత్రమైతే అవి స్క్రీనునే పసుపు చేస్తాయి. ఎడిటింగు మానిటరును 6500 వైట్ పాయింటుకు కాలిబ్రేట్ చేసుకోండి, గదిలో పసుపు బల్బు కింద కూర్చుని రంగులు సరిచెయ్యకండి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీలో (చాలా స్క్రీన్లు, వెబ్‌సైట్లు అనుసరించే రంగుల ప్రమాణం) ఎగుమతి చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి.

ఎడిటింగు వేరేవాళ్లకు ఇస్తే ఏమేం పంపాలి?

రా ఫైళ్లు, గదికొక గ్రే కార్డు ఫ్రేము, లైట్లు ఆర్పి తీసినవీ వేసి తీసినవీ రెండు రకాలూ. దాంతోపాటు గోడలకు వేసిన పెయింటు షేడు పేరు, నంబరు ఇంటివాళ్లను అడిగి రాసి పంపండి. హాలు ఐవరీ, మాస్టర్ బెడ్రూంలో మంచం వెనక గోడ లేత ఆకుపచ్చ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం లేకపోతే ఎక్కడో కూర్చున్న ఎడిటరు ఆ ఆకుపచ్చను ట్యూబులైటు దోషం అనుకుని తుడిచేస్తాడు.